కథల గంట తర్వాత అన్నం

మే 3, సోమవారం

ఇవాళ్టి నుంచి మా లైబ్రరీలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం. సెలవులు అయ్యేదాకా పెడతారు. బడి ఉన్నన్నాళ్ళూ బడిలో తింటారు, సెలవుల్లో వాళ్ళకి ఎవరు పెడతారని పైవాళ్ళలో ఎవరికో తోచిందట. మంచి ఆలోచన. సెంట్రల్ లైబ్రరీ నుంచి వ్యానులో డబ్బాలు వస్తాయి. వచ్చిన పిల్లలకి పెట్టడమే, వయసు తప్ప ఇంకేమీ అడక్కూడదు. వారం సగటు రోజుకి ముప్పై మంది ఉండాలి. తగ్గితే మా డబ్బాలు వేరే శాఖకి వెళ్ళిపోతాయి.

పద్నాలుగు మంది వచ్చారు. మొదటి రోజు కదా.

వడ్డించడానికి చుట్టుపక్కల మనిషి ఎవరైనా ఉన్నారా అని లైబ్రేరియన్ సార్ అడిగితే మా వదిన ఉందని నేనే చెప్పాను. ఇది గుర్తుంచుకోవాలి. నేనే చెప్పాను.

పొద్దున దారిలో, "వదినా, అక్కడ నన్ను పేరు పెట్టి పిలవకు. మేడం అను. అందరూ అలాగే అంటారు" అన్నాను. మామూలుగానే అన్నాను. వదిన ఆగి, తువ్వాలు నెత్తిన వేసుకుని, "సరే మేడం గారూ, తమరు ముందు నడవండి. ఎండ మండిపోతోంది, మీ నీడలో వస్తా" అంది.

హాజరు పుస్తకంలో సంతకం పెట్టమంటే బొటనవేలు చూపించింది. ఇంకు పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చివరికి పాత సొరుగులో దొరికింది, ఎండిపోయి ఉంది. సార్ దానిలో నీళ్ళు పోసి, వేలితో కలిపి, ఎంతో ఓపిగ్గా ముద్ర వేయించారు. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

మే 4

ఇరవై రెండు.

మే 6, గురువారం

నలభై ఒకటి.

పదకొండు నుంచి పన్నెండు దాకా నా కథల గంట. ఏప్రిల్ అంతా దీనికే సరిపోయింది. చాపలు ఉతికించాను, పుస్తకాలు ఏరి పెట్టాను, తేనెటీగల గురించి రంగు కాగితాలతో బొమ్మలు చేశాను. ముగ్గురొచ్చారు. అందులో ఒకడికి నిద్రొచ్చింది.

పన్నెండు కొట్టగానే వెనక వరండా నిండిపోయింది. పేపర్లు చదువుకునే పెద్దవాళ్ళు కళ్ళజోళ్ళు పైకెత్తి, ఇది లైబ్రరీయా సంతా అన్నారు. నేను బీరువా పక్కన నిలబడి చూశాను. వదిన ఒక్కో డబ్బా ఇస్తూ ఒక్కొక్కరికి ఒక్కో మాట అంటోంది. "రావయ్యా పెద్దమనిషీ, పొద్దుట్నుంచి ఎన్ని బస్తాలు మోశావు." "నువ్వు నిన్న గుడ్డు పక్కవాడికి ఇచ్చేశావు, చూశాలే. ఇవాళ నా ఎదురుగా తిను." అందరూ అత్తా అత్తా అని మీద పడిపోతున్నారు.

నాలుగు రోజులైంది ఆమె వచ్చి. నేను వచ్చి రెండేళ్ళు. నన్ను మేడం అంటారు. అలా అనమని నేర్పింది నేనే, నిజమే.

మే 8, శనివారం

సార్ పిలిచి కూర్చోమన్నారు. జూలైలో పిల్లల విభాగానికి ఒక పర్మనెంటు పోస్టు వస్తుందట. ప్రతి శాఖ నుంచి ఒక పేరు పంపాలి. "నీ పేరే రాస్తానమ్మా. కాకపోతే కథల గంటకి ఎంతమంది వస్తున్నారో వాళ్ళు అడుగుతారు. ముగ్గురు అని రాస్తే బాగోదు కదా" అన్నారు.

ఇంట్లో చెప్తే అమ్మ చేతిలో పని వదిలేసి నా మొహం తడిమింది. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. అన్నయ్య పదేళ్ళ వయసులోనే టైర్ల షాపులో చేరాడు. అన్నయ్య, "పర్మనెంటు అంటే ఇంక తీసెయ్యరా" అని మూడుసార్లు అడిగాడు. వదిన, "అయితే ఇంక ఇంట్లో కూడా మేడం అనాలేమో" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మే 10, సోమవారం

యాభై రెండు. కథల గంటకి ఐదుగురు.

పిల్లలు ఎందుకు పెరుగుతున్నారో ఇవాళ తెలిసింది. వదిన కథ చెప్తోంది. తింటున్నంతసేపూ చెప్తుంది. డబ్బాలు ఖాళీ కాగానే ఆపేస్తుంది, మిగతాది రేపు అంటుంది. ఒక గేదెకి చూపు తగ్గిందట. గడ్డి అనుకుని పోలీసు టోపీ తినేసిందట. టోపీతో పాటు ఈల కూడా లోపలికి పోయిందట. అప్పట్నుంచీ గేదె దగ్గినప్పుడల్లా కడుపులో ఈల మోగి, రోడ్డు మీద బళ్ళన్నీ ఆగిపోతున్నాయట.

తలాతోకా లేదు. గేదె టోపీ ఎలా మింగుతుంది. పోలీసు ఏం చేస్తున్నాడు అప్పుడు. పిల్లలకి ఇలాంటివి చెప్తే రేపు వాళ్ళు ఏది నిజమో ఏది కాదో ఎలా తెలుసుకుంటారు.

బీరువా వెనక నిలబడి చివరిదాకా విన్నాను. పుస్తకాలు సర్దుతూ విన్నాను. అంటే, సర్దడానికే వెళ్ళాను.

మే 12

ఇంట్లో ఇప్పుడు అన్నయ్య నన్నేం అడగడు. "ఇవాళ లైబ్రరీలో ఏమైందే" అని వదిననే అడుగుతాడు.

మే 13, గురువారం

చుక్కల గౌను పిల్ల అని ఒకతి ఉంది. తొమ్మిదేళ్ళుంటాయి. నాలుగేళ్ళ చెల్లెల్ని చంకనేసుకుని వస్తుంది. ఇవాళ పన్నెండుకి ముందే వచ్చి చాప అంచున కూర్చుంది. నా కథకి వచ్చిందనుకున్నాను. తేనెటీగ బొమ్మ చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసి, "ఇది అత్త చేసిందా" అని అడిగింది.

కాదు, నేను చేశాను అన్నాను. ఆ, అంది. మళ్ళీ బొమ్మ చూడలేదు.

అసూయ అని రాయను. వదిన మీద నాకేం అసూయ. ఆమెకి చదువు రాదు పాపం. నాకున్నది బాధ. పిల్లలు పుస్తకాల గదిలోకి వచ్చి పుస్తకం ముట్టకుండా వెళ్ళిపోతున్నారన్న బాధ.

మే 15, శనివారం

ఆలోచన వచ్చింది. ఎంత తేలికైన ఆలోచనో.

చిన్న చిన్న అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద ఒక్క వాక్యం. కథల గంట చివర్లో ఒక్కొక్కరూ వచ్చి ఒక వాక్యం పైకి చదవాలి. చదివితే టోకెను. టోకెను చూపిస్తే డబ్బా. అన్నానికి వచ్చిన పిల్లవాడు ఒక వాక్యం కూడా తీసుకుని వెళ్తాడు. సెలవులైపోయేసరికి పాతిక వాక్యాలు.

సార్ ఎవరితోనో ఫోనులో ఉన్నారు. చెయ్యి అడ్డం పెట్టి, "తోసుకోకుండా లైన్లో వస్తారంటే మంచిదేగా, చూడమ్మా" అన్నారు. ఒప్పుకున్నట్టే.

సాయంత్రం దాకా కూర్చుని డెబ్భై అట్టలు రాశాను. పెద్ద అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. అన్నీ తేలికవే. ఆవు పాలు ఇస్తుంది. గాలి కనిపించదు. రాముడు, సీత అని పేర్లున్న వాక్యాలు తీసేశాను, అందరి పిల్లలూ వస్తారు కదా. అంత జాగ్రత్తగా రాశాను.

మే 17, సోమవారం

అరవై మూడు. కథల గంటకి యాభై ఎనిమిది, మిగతా ఐదుగురు చంకపిల్లలు.

చాపలు చాలక కుర్చీలు వేయించాను. సార్ వచ్చి ఫొటో తీశారు. పిల్లలు వరసలో నిలబడి చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. కొందరు తడబడ్డారు, అందించాను. ముందు పళ్ళు లేనివాడు "గాలి కనిపింతదు" అంటే అందరం నవ్వాం.

వదిన టోకెన్లు తీసుకుని డబ్బాలిచ్చింది. గేదె కథ కాస్త ఆలస్యంగా మొదలైంది, త్వరగా అయిపోయింది. చదవడానికి సమయం పట్టింది కదా.

చాలా సంతోషంగా ఉంది. చాలా.

మే 18

అరవై.

చుక్కల గౌను పిల్ల లైన్లో నా దాకా వచ్చి, అట్ట చూసి, "దాహం వేస్తోంది మేడం, తాగొస్తా" అని వెళ్ళింది. తర్వాత కనిపించలేదు. ఎండకి ఇంటికెళ్ళి ఉంటుంది.

మే 19

యాభై ఒకటి. అరవై చెప్తే తొమ్మిది డబ్బాలు మిగిలాయి. వెనక్కి పంపితే సెంట్రల్ నుంచి ఫోను. ముందురోజు లెక్క సరిగ్గా చెప్పాలట, మిగిలితే మా శాఖకి మాట వస్తుందట.

మే 20

నలభై నాలుగు. ఎండలు ముదిరాయి. పెద్దవాళ్ళే బయటికి రావడం లేదు.

మే 21, శుక్రవారం

ముప్పై తొమ్మిది.

ఇంటికొచ్చాక వదిన కాళ్ళు కడుక్కుంటూ అంది, "ఆ అట్టముక్కలు తీసెయ్యరాదూ."

"ఎందుకు."

"పిల్లలు తగ్గిపోతున్నారు."

"ఎండకి తగ్గుతున్నారు."

"ఎండ పదో తారీకునా ఉంది." తువ్వాలుతో మెల్లిగా తుడుచుకుంది. "నేనైతే రానమ్మా ఆ లైన్లోకి. ఎంత ఆకలేసినా రాను."

"నీ సంగతి వేరు."

"ఏం వేరు."

"నీకు చదువు విలువ తెలీదు కాబట్టి వేరు" అన్నాను.

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. వదిన కోప్పడలేదు. "అవును, తెలీదు" అని లోపలికి వెళ్ళి కూరగాయలు తరగడానికి కూర్చుంది. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడకుండా ఉండి ఇంట్లో అందరి దగ్గరా మంచిదైపోతుంది. ఎప్పుడూ అంతే.

మే 24, సోమవారం

ముప్పై నాలుగు.

వచ్చేవాళ్ళంతా గలగలా చదివేస్తున్నారు. ఇప్పుడు ఎవరూ తడబడటం లేదు. వారంలో ఎంత మార్పు. సార్‌కి అదే చెప్పాను.

మే 26, బుధవారం

ఇరవై ఆరు.

సెంట్రల్ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. వస్తున్నట్టు పొద్దున ఫోను చేశారు. బల్ల శుభ్రంగా ఉండాలని అట్టముక్కలు తీసి సొరుగులో పెట్టాను. శుభ్రంగా ఉండాలనే.

ఆమె వరండాలో నిలబడి తలలు లెక్కపెట్టింది. "అరవై మూడు నుంచి ఇరవై ఆరుకి ఎలా పడిపోయింది. మిగతా శాఖల్లో పెరుగుతున్నారు. వాళ్ళకీ ఇదే ఎండ" అంది. సార్ హాజరు పుస్తకం తిరగేశారు. "వడ్డించే మనిషి కసురుకుంటుందా" అని అడిగింది. సార్, "అబ్బే, నేనెప్పుడూ వినలేదు. ఈ అమ్మాయి రోజూ అక్కడే ఉంటుంది, అడగండి" అని నా వైపు చూపించారు.

"ఆమె మా వదినండి. నేను చెప్తే బాగోదు" అన్నాను.

ఆఫీసరమ్మ నన్ను ఒక నిమిషం చూసి, "అర్థమైంది" అంది.

ఆమెకి ఏం అర్థమైందో నాకేం తెలుసు. నేను అన్నది రెండే మాటలు. ఆమె మా వదిన. అది నిజం. నేను చెప్తే బాగోదు. అదీ నిజమే.

వచ్చే వారం సగటు ముప్పై రాకపోతే డబ్బాలు ఆగిపోతాయి.

మే 27, గురువారం

ఇరవై నాలుగు.

సోమవారం నుంచి వదిన రానక్కర్లేదు. వేరే ఆమెని పంపుతారు. సార్ వదినని గదిలోకి పిలిచి చెప్పారు. బయటికి వచ్చి, ఖాళీ డబ్బాలు ఎప్పటిలాగే కడిగి, బోర్లించి, వరండా తుడిచింది. ఇంటికి వెళ్ళేటప్పుడు నా వెనకే నడిచింది.

అన్నయ్య, "ఎందుకు తీసేశారే" అంటే, "పిల్లలు తగ్గారు, నా చెయ్యి మంచిది కాదేమో" అంది.

మే 28

నేను అబద్ధం చెప్పలేదు.

ఇరవై రెండు. వదిన రేపు ఒక్కరోజే వస్తుందని పిల్లలకి తెలిసిపోయింది. గేదె కథ ఇవాళే పూర్తి చెయ్యమని గొడవ చేశారు. "అది ఇంకా కళ్ళ డాక్టరు దగ్గర వరసలో కూర్చునుందిరా, దానికంటే ముందు పదిమంది ఉన్నారు. తొందరపెడితే ఎలా" అంది వదిన. నవ్వించింది. తర్వాత నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి చాలాసేపు గ్లాసులు కడిగింది. కడిగినవే కడిగింది.

నేను అబద్ధం చెప్పలేదు.

మే 29, శనివారం

పదిహేడు.

మధ్యాహ్నం బజారు వైపు వెళ్తుంటే కుట్టుమిషను షాపు మెట్ల మీద చుక్కల గౌను పిల్ల కనిపించింది. ఒళ్ళో చెల్లెలు. నన్ను చూడగానే లేచి నిలబడింది, బళ్ళో లేచినట్టు.

"రావడం మానేశావేం" అని అడిగాను.

కాసేపు మెట్టు గోకింది. "పరీక్షలు ఎప్పుడైపోతాయి మేడం."

"ఏం పరీక్షలు."

"అవే. అన్నం పరీక్షలు."

ఆ పిల్లే చెప్పింది. "నాకు చదవడం రాదు కదా. చెల్లిని ఎవరూ చూడరని అమ్మ బడికి పంపదు. అత్త వెనక గుమ్మం దగ్గరికి రా ఇస్తానంది. మీరు అత్తని తిడతారని నేనే రానన్నా."

"మరి మధ్యాహ్నం ఏం తింటున్నారు."

"పొద్దున్నది ఉంటే తింటాం" అంది. చిన్నది నా సంచీ వైపు చూస్తోంది. సంచీలో ఉన్నది పుస్తకం.

తనలాగే ఇంకా చాలామందే రావడం లేదని చెప్పింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆ పిల్లకి లెక్కలు బాగానే వచ్చు.

మే 30, ఆదివారం

గలగలా చదివేవాళ్ళే ఎందుకు మిగిలారో ఇప్పుడు తెలుస్తోంది. చదవడం రానివాళ్ళంతా వెళ్ళిపోయారు. అంత తేలిక విషయం. నాకు మాత్రం, వారంలో ఎంత మార్పు అనిపించింది.

పొద్దుట్నుంచీ సెంట్రల్‌కి ఉత్తరం రాస్తున్నాను. మొదటిది చించేశాను. అందులో "పిల్లల్లో పఠనాసక్తి పెంపొందించే సదుద్దేశంతో" అని మొదలుపెట్టాను. రెండోదాంట్లో "లైబ్రేరియన్ గారి అనుమతితో" అని వచ్చింది. అదీ చించాను. మూడోది బాగానే ఉందనుకున్నాను. చదివితే మూడు పేజీల్లో ఎక్కడా నేను అన్న మాటే లేదు. అన్నీ వాటంతటవే జరిగినట్టున్నాయి. పదహారేళ్ళు చదువుకుని నేర్చుకున్నది ఇది.

నాలుగోది ఇది. ఇక్కడ ఎక్కించి పెట్టుకుంటున్నాను, రేపు మనసు మారితే చూసుకోవడానికి.

"భోజనానికి వచ్చిన పిల్లల చేత నేను వాక్యాలు చదివించాను. చదివితేనే టోకెను ఇచ్చాను. వయసు తప్ప ఏమీ అడక్కూడదన్న నియమం నాకు తెలుసు. చదవడం రాని పిల్లలు సిగ్గుపడి మానేశారు. మీరు వచ్చిన రోజు అట్టలు సొరుగులో దాచాను. వడ్డించే ఆమె గురించి మీరు అడిగినప్పుడు ఆమె తప్పేమీ లేదని నాకు తెలిసీ చెప్పలేదు. పిల్లలు ఆమెని ఇష్టపడటం నేను ఓర్చుకోలేకపోయాను."

చివరి వాక్యం ఆఫీసు ఉత్తరంలో ఉండకూడదు. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

వదినకి మధ్యాహ్నం చెప్పాను. దండెం మీద బట్టలు ఆరేస్తోంది. మొత్తం చెప్పాను.

"తెలుసు" అంది.

"ఎలా తెలుసు."

"మీ సార్ చెప్పాడు. 'మీ మరదలు మీ మీద ఒక్క మాట కూడా చెప్పలేదమ్మా, బాధపడకండి' అన్నాడు. ఒక్క మాట కూడా చెప్పకపోతే నన్నెందుకు తీసేస్తారు." దిండుగలీబు గట్టిగా దులిపింది. నీళ్ళు నా మొహాన పడ్డాయి. "సంతకం రాదు కానీ ఆ మాత్రం తెలుస్తుంది నాకు."

"తప్పైంది వదినా."

"ఆ, అయింది." బుట్ట చంకనెత్తుకుంది. "నీకేం తక్కువని. నేనా లైబ్రరీలో బల్ల మీదున్న పేపరు తలకిందులుగా ఉందో సరిగ్గా ఉందో కూడా చెప్పలేను. ఒక గేదె కథ ఉంటే అది కూడా నీకే కావాల్సొచ్చింది."



మే 31, సోమవారం

ఉత్తరం సార్ చేతికిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

"ఇది పంపితే పోస్టుకి నీ పేరు పంపలేను. తెలుసుగా."

"తెలుసు సార్."

"నన్నూ అడుగుతారు. నేను ఫోనులో ఉండి సరే అన్నానని చెప్పాలి. మంచి సమాధానమే" అన్నారు. కోపంగా కాదు. ఆయనకి ఇంకో ఏడాది ఉంది రిటైరవడానికి.

మధ్యాహ్నం ఆఫీసరమ్మ ఫోను చేసింది. రేపట్నుంచి వదిన రావచ్చు. వారం సగటు మాత్రం ముప్పై రావాల్సిందే, ఆ నియమం ఆమె చేతుల్లో లేదు. నా మీద మందలింపు నోటు వస్తుంది.

ఇవాళ ఇరవై రెండు. అట్టలూ టోకెన్లూ తీసేశాను. కొత్తామె ఎవరితోనూ మాట్లాడకుండా డబ్బాలిచ్చి వెళ్ళింది. చెయ్యి చాలా చురుకు.

ఇంటికొచ్చి చెప్తే వదిన, "వస్తా. నీ కోసం కాదు. వాళ్ళని సగంలో వదిలేశాను" అంది.

అమ్మకి పోస్టు సంగతి చెప్పలేదు. అన్నయ్యకి చెప్పాను. "అయితే తీసేస్తారా" అన్నాడు. లేదు, ఉన్నట్టే ఉంటాను అన్నాను. "మరింకేం" అని బండి తుడుచుకోడానికి వెళ్ళాడు. తుడిచింది మా బండి కాదు, పక్కింటివాళ్ళది.

జూన్ 1, మంగళవారం

ఇరవై ఐదు.

ఉదయం ఎనిమిది నుంచి నేనూ వదినా చెరో వీధీ తిరిగాం. నేను వెళ్తే తలుపుల వెనక గుసగుసలు. "పరీక్ష మేడం వస్తోంది" అని ఒకడు కేక పెట్టుకుంటూ పరిగెత్తాడు. మూడు గల్లీల పిల్లలు మాయమైపోయారు. ఒక తల్లి గుమ్మంలోకొచ్చి, "మావాడికి చదువు రాదమ్మా, వదిలెయ్" అంది. పరీక్ష లేదండీ, ఊరికే తినడానికే అన్నాను. "ఇంతకుముందూ అలాగే అన్నారుగా" అంది.

వదిన వీధిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. వీధి మొత్తం ఆమె వెనకే వస్తోంది. అంత ఎండలో, అంత సిగ్గులో కూడా, ఆమె వెనక ఎంతమందో, నా వెనక ఎంతమందో లెక్కపెట్టుకున్నాను. ఇది పోదా. ఉత్తరం రాస్తే పోతుందనుకున్నాను.

జూన్ 2

ముప్పై. కథల గంటకి ఇద్దరు. ఇద్దరికీ చదివాను.

జూన్ 3, గురువారం

ముప్పై మూడు.

చుక్కల గౌను పిల్ల ఇంకా రాలేదు. నేను మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి వెళ్ళాను. షాపతను వాళ్ళు వేరే వీధికి మారారన్నాడు. ఏ వీధో తెలీదట. వదినకి చెప్పాను. సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చింది. కాళ్ళనిండా దుమ్ము.

జూన్ 4, శుక్రవారం

ముప్పై ఆరు. రేపు ముప్పై నాలుగు వస్తే సరిపోతుంది.

పోస్టుకి వేరే శాఖ నుంచి ఒకతన్ని తీసుకుంటున్నారని తెలిసింది. అతని కథల గంటకి రోజూ ఇరవై మంది వస్తారట. విచిత్రం, అతని మీద నాకు అసూయే కలగలేదు. ఉన్నదంతా ఇంట్లోనే ఖర్చు పెట్టేసినట్టున్నాను.

అమ్మకి చెప్పాను. నా మొహం తడమలేదు. "నువ్వే చేశావా, నీకు చేశారా" అని అడిగింది. నేనే చేశాను అన్నాను. "అయితే ఏడవకు" అంది.

జూన్ 5, శనివారం

పన్నెండున్నరకి ముప్పై ఒకటి. తలలు ఇప్పటికి ఐదుసార్లు లెక్కపెట్టాను. లెక్కపెట్టినప్పుడల్లా పెరుగుతాయన్నట్టు. సార్ తన గదిలోంచి మూడుసార్లు వచ్చి గడియారం చూసి వెళ్ళారు. ఆయన గదిలోనూ గడియారం ఉంది. వదిన మాత్రం తొందర లేకుండా కథ చెప్తోంది. డాక్టరు గేదెకి అక్షరాల బోర్డు చూపించి చదవమన్నాడట. గేదె, "కళ్ళు చూడవయ్యా అంటే చదువు చూస్తావేంటి" అందట. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. వదిన నా వైపు చూడలేదు. చూడకుండా చెప్పింది.

నేనూ నవ్వాను. ఏం చెయ్యను, నవ్వొచ్చింది.

పన్నెండూ నలభైకి గుమ్మంలో చుక్కల గౌను కనిపించింది. చంకలో చెల్లెలు, వెనక కొత్త వీధి పిల్లలు ఏడుగురు. వాళ్ళని ఎవరు తీసుకొచ్చారో నేను అడగలేదు. ఆ పిల్ల నా బల్ల ముందుకి రాగానే తల వంచుకుని, నన్ను దాటి, గోడవారగా వెళ్ళింది. వదిన పక్కన చోటు చేసుకుని కూర్చుంది. పేరు అడగలేదు, ఏమీ అడగలేదు, కాగితం మీద తొమ్మిది గీతలు గీశాను.

నలభై. వారం సగటు ముప్పై ఒకటి. డబ్బాలు ఆగవు, వచ్చే వారమూ వస్తాయి.

చిన్నది డబ్బా మూత రాక నా దగ్గరికి తెచ్చింది. దానికి నేనెవరో తెలీదు కాబట్టి తెచ్చింది. తీసిచ్చాను. తీసుకుని, అక్క దగ్గరికి కాకుండా వదిన ఒళ్ళోకి ఎక్కింది. నాకు మళ్ళీ మండింది. ఎప్పటిలాగే మండింది. దాచడానికేం లేదు కదా ఇంక, రాస్తున్నాను.

సోమవారానికి ఎన్ని డబ్బాలు కావాలో రెండింటికల్లా సెంట్రల్‌కి చెప్పాలి. మిగిలితే మళ్ళీ నా మీదికే వస్తుంది, ఇప్పటికే ఒక నోటు ఉంది. నలభై అని రాసుకుని ఫోను అందుకున్నాను. వదిన వరండా తుడుస్తూ, తలెత్తకుండా, "యాభై చెప్పు" అంది. వారం రోజుల్లో నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట.

"అంతమంది వస్తారా."

"వస్తారు."

నా లెక్క ప్రకారం రారు. యాభై అని చెప్పాను.